జీతమును కల్లమునందే కొలువవలెను

గడచిన వేసవిలో ఒక ఆదివారమునాడు గుడివాడ ప్రాంతమునుండి ఒక వృద్ధ రైతు నా యింటికి వచ్చెను. చేతిలో మడతపెట్టిన కాగితమొకటి యుండెను. అది బ్యాంకివారు పంపిన నోటీసు. కుమారుని చదువునకై పదునైదు లక్షల రూపాయలు ఋణము తీసికొని, తాముండు ఇంటిని తాకట్టు పెట్టియుండిరి. నాలుగు నెలల కిస్తులు నిలిచిపోయినవి. 2002వ సంవత్సరపు చట్టములోని 13వ సెక్షను ప్రకారము అరువది దినములలో బాకీ చెల్లింపవలెననియు, లేనిచో ఇల్లు స్వాధీనపరచుకొందుమనియు అందులో వ్రాసియున్నది. కుమారుడు నిరుద్యోగి కాడు. బెంగుళూరులో పదునెనిమిది లక్షల సాలీనా ప్యాకేజీగల ఉద్యోగి. ఆ ముసలితండ్రి కోపగింపలేదు, కన్నీరు పెట్టలేదు. అర్థముకాని లెక్కను ఉపాధ్యాయుని అడుగు బాలునివలె నన్నొక ప్రశ్న వేసెను. “ప్లీడరుగారూ, నెలకు లక్ష దాటి తెచ్చుకొనేవాడు ఇరవై వేలు కట్టలేకపోవడమేమిటండీ?”

ఈ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. కృష్ణా డెల్టాలో ఊరూర, వీధివీధిని అడుగవలసిన ప్రశ్న యిది. ప్రతిరాత్రియు విజయవాడ బస్సు స్టాండునుండి హైదరాబాదునకును బెంగుళూరునకును పోవు బండ్లలో మన బిడ్డలు కూర్చుండి పోవుచున్నారు. వారికి గణితశాస్త్రము వచ్చును. యంత్రములతో మాటలాడు భాషలు వచ్చును. కాని తన జీతము తనకెంతయో, నగరము అందులోనుండి ఎంత గుంజుకొనునో బండి యెక్కకమునుపు ఒక కాగితముమీద వ్రాసికొన్నవారు ఎందరు? పదునాఱేండ్లు చదువు చెప్పించిన మనము ఈ యొక్క లెక్కను చెప్పితిమా?

మొదటి భ్రమ ప్యాకేజీ యను మాటలోనే యున్నది. పదునెనిమిది లక్షలను పండ్రెండుచే భాగించి నెలకు లక్షయేబదివేలని తండ్రి తలచును, కుమారుడును తలచును, పెండ్లిసంబంధము తెచ్చిన పెద్దమనిషియు తలచును. ఆ యువకుని ఉద్యోగపు ఉత్తరమును నేను చదివితిని. అందులో లక్షన్నర రూపాయలు సంవత్సరాంతమున పనితీరునుబట్టి ఇచ్చునవి, ఇచ్చినప్పుడే మనవి. మూలవేతనము తొమ్మిది లక్షలు. దానిపై నూటికి పండ్రెండుచొప్పున యజమాని ప్రావిడెంటు ఫండులో వేయు లక్షయెనిమిదివేలు కూడ ప్యాకేజీలోనే చేర్చిరి. గ్రాట్యుటీ నిమిత్తము నలువది మూడువేల పైచిలుకు చేర్చిరి. ఇవి పోగా నిశ్చితముగా వచ్చునది నెలకు సుమారు 1,24,900 రూపాయలు. అందులో ఉద్యోగి తన వంతుగా చెల్లించు ప్రావిడెంటు ఫండు 9,000, 2025-26 సంవత్సరపు కొత్త పద్ధతిచొప్పున ఆదాయపుపన్ను నెలకు దాదాపు 8,100, వృత్తిపన్ను 200. తుదకు చేతికి వచ్చునది 1,07,600. లక్షయేబదివేలని విన్నది లక్షయేడువేలైనది. ఇందులో మోసము లేదు. ప్రావిడెంటు ఫండు ఎక్కడికిని పోలేదు, అది అతని సొమ్మే. కాని నెలాఖరున అద్దె కట్టుటకు అది పనికిరాదు. చేతికి రాని సొమ్మును ఖర్చులో వేసికొనుటయే పొరపాటు.

ఆ యువకుని మరుసటి వారము పిలిపించి ఎదుట కూర్చుండబెట్టి ఒక తెల్లకాగితము ఇచ్చితిని. అతడు వ్రాసిన లెక్క ఇది. ఇంటి అద్దె, దాని నిర్వహణరుసుము కలిసి 38,000. కారు కిస్తు 19,500. కారునకు పెట్రోలు మొదలైనవి 6,000. ఇంటి అడ్వాన్సుకై చేసిన అప్పు కిస్తు 11,000. క్రెడిట్ కార్డు బాకీ 12,000. తిండి 13,000, అందులో పెక్కుభాగము ఫోనులో చెప్పి తెప్పించుకొనునది. వినోదములు, ఇంటికి వచ్చిపోవు ఖర్చులు 8,000. మొత్తము 1,07,500. మిగులు నూరు రూపాయలు! అతడు కాగితమువంక చాలసేపు చూచుచు ఊరకుండెను. అతడు త్రాగుబోతు కాడు, జూదరి కాడు. తనతోడి ఉద్యోగులు ఏమి చేయుచున్నారో అదియే తానును చేసెను. ఒక్కొక్క ఖర్చును విడదీసి చూచినచో తప్పనిపించదు. కూడినప్పుడే తండ్రి యిల్లు కూలుచున్నది. కాని అతడు అంతకుమునుపెన్నడును కూడి చూడలేదు.

ఈ కూడిక మన తాతలకు తెలిసియుండినది. కృష్ణపై బెజవాడవద్ద 1855లో ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు మన రైతు ఏటికి ఒకటి రెండు పంటలమీద బ్రతికినవాడు. సార్వా ధాన్యము ఒక్కమారు ఇంటికి వచ్చును. ఖర్చు మాత్రము పండ్రెండు నెలలును వచ్చుచుండును. అందుచేత అతడు కల్లములోనే కొలిచెడివాడు. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసిన పిదప మొట్టమొదట వేరుపరచునది విత్తనపు వడ్లు. తరువాత కౌలు, కూలి, వృత్తులవారి మేర, అప్పులవాని బాకీ. ఆపైన ఏడాది గ్రాసము. ఇవన్నియు తీరి మిగిలినదే అమ్ముకొనునది. ఎంత కరవు వచ్చినను విత్తనపు వడ్లు దంచుకొని తిన్నవానిని ఊరు గౌరవించెడిది కాదు. నేడు కోతయంత్రములు వచ్చి కల్లములు అరుదైనవి. ఆ కొలతకూడ వానితోనే పోయినదా? ఏటికి ఒకమారు పంట వచ్చిన తాత పండ్రెండు నెలలు గడపగలిగెను. ఏటికి పండ్రెండుమారులు పంట వచ్చు మనుమడు ఇరువదియవ తేదీ నాటికి అప్పునకు చేయిచాచుచున్నాడు. భేదము రాబడిలో లేదు. తాత ముందు తీసి పిదప తినెను. మనుమడు ముందు తిని, పిదప మిగిలినది దాతమని చూచుచున్నాడు. అట్లు చూచువానికి ఎన్నడును మిగులదు.

కాబట్టి నేను చెప్పదలచినది ఒక్కటే. జీతము బ్యాంకిలో పడిన దినమే కల్లము. ఆ దినముననే విత్తనమును, బాకీని వేరుపరచవలెను. తక్కినదానిని మాత్రమే తన జీతమని తలంపవలెను. పై యువకుని 1,07,600 రూపాయలనే తీసికొందము. విత్తనము, అనగా దాచుకొనునది 20,000. చదువుబాకీ 20,000. ఇల్లు 25,000. తిండి 12,000. రాకపోకలు 5,000. తలిదండ్రులకు 10,000. తన ఇచ్ఛచొప్పున ఖర్చు 10,000. దీనిని గూర్చి ఎవ్వరును అడుగరాదు. మిగిలిన 5,600 వైద్యభీమా, పండుగలు, బట్టలు మొదలగు ఏటిఖర్చులకు. అంకెలు ఎవరి స్థితినిబట్టి వారు మార్చుకొనవచ్చును. వరుస మాత్రము మార్చరాదు.

ఈ పద్దులన్నిటిలో పులివంటిది ఇంటి అద్దె. తిండి ఎక్కువైన వచ్చే నెలలో తగ్గించుకొనవచ్చును. అద్దె ఒకమారు ఒప్పుకొన్నచో ఏడాది మొత్తము దానికి లోబడవలెను. చేతికి వచ్చు సొమ్ములో నాలుగవవంతును మించి అద్దెకు ఇయ్యరాదని నా అభిప్రాయము. బెంగుళూరులో మఱియొక చిక్కు కలదు. అచ్చట పది నెలల అద్దెను అడ్వాన్సుగా గైకొను ఆచారము చిరకాలమునుండి యున్నది. నేడు అయిదాఱు నెలలకు ఒప్పుకొను యజమానులును కలరు. పై యువకుడు ఆఱు నెలలకు 2,28,000 చెల్లించెను. మొదటి జీతము రాకమునుపే చెల్లింపవలసిన సొమ్మది! ఎక్కడనుండి తెచ్చును? అప్పు చేసెను. అతని కష్టములకెల్ల మూలము కారు కాదు, విందులు కావు. నగరములో కాలు మోపిన మొదటి వారముననే చేసిన ఈ అప్పు. కేంద్ర మంత్రివర్గము 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దెచట్టమున, నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని వ్రాసిరి. అది నమూనా మాత్రమే. రాష్ట్రము తాను చట్టము చేసికొన్నచోటనే అమలగును. కావున చట్టమును నమ్మి పోరాదు. మొదటి రెండు మూడు నెలలు హాస్టలులోనో స్నేహితుని గదిలోనో ఉండి, ఆఫీసు దారి తెలిసికొని, అడ్వాన్సు కూడబెట్టుకొని, పిదప తోడివారితో కలిసి ఇల్లు తీసికొనుట మేలు.

అగ్రిమెంటును గూర్చి న్యాయవాదిగా ఒక మాట. పదునొకండు నెలలకే వ్రాయుట ఎందుకని పలువురు అడుగుదురు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 17వ సెక్షనుచొప్పున ఏడాదికి మించిన కౌలుపత్రమును విధిగా రిజిస్టరు చేయవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకై ఈ పద్ధతి వచ్చినది. తప్పులేదు. కాని సంతకము చేయుటకు ముందు మూడు సంగతులు చదువుకొనవలెను. ఖాళీచేయునప్పుడు రంగులనిమిత్తము ఒక నెల అద్దె అడ్వాన్సులో కోయుదురా? ముందుగా ఎన్ని నెలల నోటీసు ఇయ్యవలెను? ఏటేట అద్దె నూటికి ఎంత పెరుగును? ఇవి చదువనివారు నోటీసు వచ్చిన పిదప నావంటివానివద్దకు వచ్చి చదివించుకొనుచున్నారు.

నగరము జీతమును మ్రింగు విధము తెలిసికొనుటకు బెంగుళూరు పోనక్కరలేదు. మన విజయవాడలోనే చూచితిమి. 2014లో రాష్ట్రము విడిపోయి, రాజధాని ఈ ప్రాంతమునకు వచ్చునని తెలిసిన వెంటనే ఇక్కడి అద్దెలు ఎగిరినవి. 2016లో సచివాలయోద్యోగులు హైదరాబాదునుండి వెలగపూడికి తరలి వచ్చినప్పుడు, మూలవేతనముపై నూటికి ముప్పది ఇంటియద్దె భత్యము, వారమునకు అయిదు దినముల పని మొదలైన సౌకర్యములను ప్రభుత్వము కల్పింపవలసి వచ్చెను. భత్యము వచ్చినవారికి కొంత ఊరట. పాత అద్దెలమీదనే బ్రతుకుచుండిన గుమాస్తాలకును దుకాణపు పనివారికిని ఏ భత్యమును రాలేదు. జీతములు పెరిగినచోట అద్దెలు పొంచియుండును. పెద్ద జీతము పెద్ద నగరముననే దొరకుటకు కారణములలో ఇది యొకటి. ఆ జీతములో కొంత మనది. కొంత ఇంటి యజమానికి చేర్పుమని మనచేతిలో పెట్టినది మాత్రమే.

ఇక వడ్డీ. మన పల్లెలలో రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అనుట వాడుక; నూటికి నెలకు అంత యని అర్థము. మూడు రూపాయలన్న మాట వినినచో రైతు లేచి వచ్చివేయును. 2015 డిసెంబరులో విజయవాడలో ‘కాల్ మనీ’ వ్యవహారము బయల్పడినప్పుడు, అధికవడ్డీలకు అప్పులిచ్చి పీడించువారిని చూచి పట్టణమెల్ల అసహ్యించుకొన్నది. మంచిదే. కాని బాకీ నిలిచిన క్రెడిట్ కార్డుమీద వడ్డీ సాధారణముగా నెలకు మూడు మొదలు మూడుముప్పావు రూపాయలవరకు ఉన్నది. చల్లని గదిలో కూర్చున్న యువకుడు, తన తండ్రి నోరారా తిట్టు వడ్డీకంటె ఎక్కువ వడ్డీని చిఱునవ్వుతో చెల్లించుచున్నాడు. కనీసపు మొత్తము కట్టిన చాలునని కార్డువారు వ్రాయుదురు. చాలును, ఎవరికి చాలును? గడువులోగా పూర్తిగా చెల్లింపగలవానికి కార్డు సౌకర్యము. చెల్లింపలేనివానికి అది ఉరిత్రాడు.

నిందనంతయు యువకులమీద వేయుట న్యాయము కాదు. పెద్దలమైన మనము చేసినదేమి? ఉత్తరము వచ్చిన సాయంకాలమే ప్యాకేజీని ఊరంతయు చాటితిమి. సంబంధములు మాటలాడునప్పుడు గుణమునకు బదులు అంకెను ముందుంచితిమి. ‘ఇంత జీతగాడవు, కారు లేదా, ఫ్లాటు కొనలేదా’ అని చుట్టములు పండుగనాడు అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబుగా అతడు కారు కొనును. కుమారుని జీతమును నమ్ముకొని ఇరువది సంవత్సరముల కిస్తులమీద ఇల్లు కొనిపించిన తండ్రులను, చెల్లెలి వివాహమునకు వ్యక్తిగతఋణము తీయించినవారిని నేనెరుగుదును. ఆ జీతము స్థిరమా? 2022 చివరినుండి 2023లో అమెరికాలోని గొప్ప సంస్థలే వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. పంటకు గాలివాన భయమున్నట్లు ఉద్యోగమునకును కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరువని మనము, 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరు ఇండ్లలో నీరు నిలిచిన దినములను చూచిన మనము, ఆపద చెప్పిరాదని వేఱుగ నేర్చుకొనవలయునా? ఆఱు నెలల ఖర్చు చేతిలో లేనివాడు ఎంత జీతగాడైనను కట్టలేని కాలువగట్టు ప్రక్క కాపురమున్నవాడే.

‘ఇట్లు లెక్కలు చూచుకొనుచు కూర్చున్నచో యౌవనమెందుకు? మంచి యింటిలో ఉండుట తప్పా?’ అని కొందరు యువకులు నన్నడిగిరి. తప్పు కాదు. పిసినితనమును నేను బోధించుట లేదు. దూరపు పేటలో చవుకగదిలో ఉండి, రోజునకు మూడు గంటలు బండ్లరద్దీలో పోగొట్టుకొనుటకంటె, ఆఫీసు దగ్గఱ కొంచెము ఎక్కువ యిచ్చి ఉండుట తెలివి. అప్పుడు కారే అక్కరలేకపోవచ్చును. తల్లి వచ్చినప్పుడు నాలుగు దినములు సుఖముగా ఉంచుకొనుట ధర్మము. పుస్తకము కొనుట, ప్రయాణము చేయుట, మిత్రులతో భుజించుట జీవితములోనివే. తాను ఎరిగి చేసిన ఖర్చు భోగము. ఎరుగక జరిగిన ఖర్చు దోపిడి. లెక్క వ్రాయువాడే నిర్భయముగ ఖర్చు చేయగలడు. పద్దు లేనివాడు ప్రతి ఖర్చునకును లోలోపల భయపడుచునే యుండును.

ఖరీదైన నగరమునకు పోయిన యువకుడు ఎట్లుండవలెనో చూపినవారు మనకు లేకపోలేదు. 1888లో పందొమ్మిదవయేట లండనుకు పోయిన గాంధీ, మొదట దొరలవలె దుస్తులు, నాట్యము, వాయిద్యము నేర్వబోయి, కొలది కాలములోనే తెలివి తెచ్చుకొనెను. ప్రతి చిల్లరకాసును వ్రాసికొనెను. బండ్లకూలి మిగుల్చుటకై తన పనులకు పోవలసిన చోట్లకు నడువదగినంత దూరములో గది మార్చెను. పిదప ఒక్కగదిలో ఉండి తానే వండుకొనెను. లక్షల ప్రజాధనమును నడుపునప్పుడు ఆ అలవాటే తనను కాపాడెనని ఆయన ఆత్మకథలో చెప్పుకొనెను. స్వాతంత్ర్యము దేశమునకే కాదు, మనిషికిని కావలెను. కిస్తులకు వెఱచి అన్యాయపు యజమానియొద్ద తలవంచి పనిచేయువానికి స్వాతంత్ర్యమెక్కడ?

మన డెల్టాలోనే మఱియొక నిదర్శనము. 1923లో మచిలీపట్టణమున వైద్యుడైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రబ్యాంకిని స్థాపించిరి. ఈ నేల పండించిన సొమ్ము ఈ నేలవారికి ఉపయోగపడవలెనన్నదే ఆ ప్రయత్నము. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకి యూనియన్ బ్యాంకిలో కలిసినది. పేరు బోర్డులమీదనుండి పోయినది. పేరు పోయిన పోవుగాక, దాచుకొను గుణము పోరాదు.

ఒక కార్యమును సూచించి ముగింతును. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి గ్రంథాలయములు మన ప్రాంతమునకు అభిమానధనము. ఏటేట కళాశాలలు విడిచి ఉద్యోగములకు పోవు సమయమున, ప్రతి పఠనమందిరమునను ఒక ఆదివారము పూట ఆ యువకులను, యువతులను కూర్చుండబెట్టుడు. ఒక బ్యాంకి ఉద్యోగి, ఒక న్యాయవాది, బెంగుళూరులో పదియేండ్లు కాపురమున్న ఒకరు చాలును. ఉద్యోగపు ఉత్తరమును చదువుట, అద్దెపత్రమును చదువుట, నెలలెక్క వ్రాయుట ఈ మూటిని నేర్పుడు. తండ్రులనుగూడ పిలువుడు, వారు నేర్వవలసినదియు కలదు.

గుడివాడ రైతు సంగతి అడుగుదురు. కారు అమ్మివేసిరి, వచ్చిన సొమ్ము దానిమీది అప్పునకే చాలలేదు. కుమారుడు ఇల్లు మారి ఇద్దరు స్నేహితులతో ఉన్నాడు. పాత యింటి అడ్వాన్సులో రంగులక్రింద ఒక నెల అద్దె కోసికొని తక్కినది యిచ్చిరి. అరువది దినములలో నిలువబాకీ తీరినది, ఇల్లు దక్కినది. కాని చాలని సొమ్మును తండ్రి పూరింపవలసి వచ్చెను. ఎట్లనగా, తన దాళ్వా ధాన్యమమ్మిన డబ్బుతో. ఏటికి లక్ష మిగులని పొలము, ఏటికి పదునెనిమిది లక్షల ఉద్యోగమును ఆదుకొన్నది. ఆ పొలమునకు ఉన్న బలమెల్ల కల్లములో కొలిచిన కొలతయే.